తరిణె పట్టుట

మా చేవెళ్ల యింట బీరువా సొరుగుల పిడులూడి యేడాదియైనది. కొనుటకు మాఱుగా నేనే చేయనెంచి, మొయినాబాదులోని యొక వడ్రంగి యొద్ద తరిణె పట్టుట నేర్చుకొనుచున్నాను.

ఈ విద్య తెలుగువారికి క్రొత్త కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో మెత్తని అంకుడుకఱ్ఱను తరిణెపై త్రిప్పుచు రంగులక్కను దానిపై నదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱ నంటుకొనును. పిమ్మట మొగలిరేకుతో మెఱుగు పెట్టుదురు. ఆ లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మొదటినాడు నేను ఉలి యంచును నేరుగా గ్రుచ్చితిని. ఉలి కఱచుకొని, వేపకొయ్య చీలి, ముక్క నా చెంపకు తగిలినది. తప్పు నాదే. ఉలిని ఆనుబద్దపై నిలిపి, అంచు వెనుకనున్న వాలును ముందు తిరుగుచున్న కొయ్యకు తాకించి, పిదప పిడిని మెల్లగా నెత్తవలెను. అప్పుడు అంచు సన్నని పొట్టు తీయును. తరిణె తిరుగునపుడు ఆనుబద్దను జరుపరాదు. పైటకొంగు నడుమున బిగించి, జడ ముడిచి, ముఖమునకు పారదర్శకమైన తొడుగు ధరింపవలెను. గాజులును తీయవలెను.

గాజులమాట విని మా అత్తగారు మొదట కీడని వారించిరి. చెంపపై కమిలిన చోటు చూచినపిదప, “చేయి నిలిచిననే గదా గాజులు!” అని తామే సబ్బునీటితో నా గాజులు తీసిరి.

ఆఱు పిడులలో నొకటి వంకరపోయినది. తరిణెకు పోవునపుడెల్ల నా గాజులను ఆ వంకరపిడి సొరుగులోనే దాచి పోవుచున్నాను.