సాలవనానికి కాపలా
జంషెడ్‌పూర్ పరిసరాల్లో ప్రజల భాగస్వామ్యంతో అడవి పునరుద్ధరణ



టాటానగర్ అనే పేరు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో కొత్తది కాదు. ఆ ఊరి ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. స్టేషనుకు టాటానగర్ అనీ, ఊరికి 1919 నుంచి జంషెడ్‌పూర్ అనీ పేరు. 1908లో సాక్చి అనే చిన్న పల్లె దగ్గర కర్మాగారం పని మొదలైనప్పుడు చుట్టూ ఉన్నది సాలవనం. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, దల్మా కొండల నీడలో నగరం పెరిగింది. నగరంలోని ఉద్యానాల గురించి, 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు గురించి మీరు వినే ఉంటారు. నగరం లోపలి పచ్చదనానికి యజమాని ఉన్నాడు, బడ్జెట్ ఉంది, తోటమాలులు ఉన్నారు. నగరం బయట ఉన్న అడవి సంగతేమిటి? దానికి కాపలా ఎవరు? ఈ పాఠంలో మనం చూడబోయేది ఆ రెండో ప్రశ్నను.

మొక్క నాటడమేనా పునరుద్ధరణ?

పర్యావరణ పునరుద్ధరణ అనగానే మనకు గుంత, మొక్క, నీళ్ల బిందె, ఫొటో గుర్తుకొస్తాయి. సాల వృక్షం విషయంలో ఈ ఊహ చాలావరకు తప్పు. తెలుగులో గుగ్గిలం చెట్టు అనేది ఇదే. మన ఉత్తరాంధ్ర కొండల్లోనూ అక్కడక్కడ కనిపిస్తుంది. దీని గింజ తొలకరికి ముందు రాలుతుంది. వారం పది రోజుల్లో తడి నేల దొరక్కపోతే మొలకెత్తే శక్తి పోతుంది. కాబట్టి గింజలు దాచి, నారు పోసి, తీరిగ్గా నాటుదామంటే కుదరదు. మొలిచిన మొక్క కూడా చాలా ఏళ్లపాటు పైకి పెరగదు. ఎండాకాలంలో కాండం ఎండిపోతుంది, వానకు మళ్లీ చిగురిస్తుంది. ఈలోగా వేరు మాత్రం లోపల బలపడుతూ ఉంటుంది.

కానీ ఈ చెట్టుకు ఒక గొప్ప గుణం ఉంది. నరికినా మోడు చావదు. మోడు చుట్టూ పిలకలు వేస్తుంది. పశువులు మేయకుండా, ఎవరూ గొడ్డలి పెట్టకుండా, వేసవిలో నిప్పు అంటుకోకుండా కొన్నేళ్లు కాపాడితే ఆ పిలకలే చెట్లవుతాయి. అంటే చోటానాగపూర్ పీఠభూమిలో పాడైన సాలవనాన్ని తిరిగి నిలబెట్టడానికి కావలసింది ప్రధానంగా మొక్కలు కాదు, కాపలా. కాపలా అంటే మనుషులు. రోజూ, ఏళ్ల తరబడి, జీతం లేకుండా. అటవీశాఖ దగ్గర అంతమంది మనుషులు ఎప్పుడూ లేరు. ప్రజల భాగస్వామ్యం అనే మాట ఇక్కడ ఆదర్శం కోసం పుట్టలేదు, లెక్కల్లోంచి పుట్టింది.

ముటూర్‌ఖామ్ స్త్రీలు

జంషెడ్‌పూర్‌కు తూర్పున దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో, ఖరగ్‌పూర్ వెళ్లే రైలు మార్గం మీద చాకులియా ఉంది. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోని ఆ చాకులియా బ్లాకులో ముటూర్‌ఖామ్ అనే గ్రామం ఉంది. 1998లో ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా రాయ్‌రంగ్‌పూర్ నుంచి జమునా టుడు అనే సంతాలీ యువతి ఆ ఊరికి కోడలిగా వచ్చింది. ఊరి పక్కనున్న సుమారు 50 హెక్టార్ల సాలవనాన్ని కలప దొంగలు నరికి తరలిస్తుండగా చూసింది. ఊళ్లో పెద్దలకు చెబితే, మనకెందుకు, వాళ్లతో పెట్టుకోలేం అన్నారు. ఆ మాటలో పిరికితనం కంటే అనుభవమే ఎక్కువ ఉంది. దొంగల వెనుక డబ్బుంది, ఆయుధాలున్నాయి.

ఆమె మొదట ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడింది. నలుగురైదుగురు ముందుకొచ్చారు. కొంతకాలానికి ఆ సంఖ్య 25 అయింది. వాళ్లు వన సురక్షా సమితిగా ఏర్పడి, కర్రలు, విల్లంబులు పట్టుకుని, కుక్కలను వెంట తీసుకుని రోజుకు మూడు పూటలా అడవిలో తిరగడం మొదలుపెట్టారు. బెదిరింపులు వచ్చాయి. 2009లో జరిగిన రాళ్ల దాడిలో ఆమె భర్త తలకు గాయమైంది. అయినా గస్తీ ఆగలేదు. క్రమంగా చుట్టుపక్కల ఊళ్లలోనూ సమితులు ఏర్పడి, వాటి సంఖ్య దాదాపు 300కు చేరింది. 2019లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. పత్రికలు 'లేడీ టార్జాన్' అని పిలిచాయి. ఆ పేరు నాకు అంత నచ్చదు. టార్జాన్ ఒంటరివాడు, ఇక్కడ జరిగిన పనిలో ఒంటరితనం ఏమీ లేదు.

ఆడవాళ్లే ఎందుకు? అడవి పోతే ముందుగా నడక పెరిగేది వాళ్లకే. పొయ్యిలోకి పుల్లలు, అన్నం తినడానికి విస్తళ్లకు సాలాకు, వేసవిలో ఇప్పపూలు, పళ్లు తోముకునే పుల్ల, ఇవన్నీ అక్కడినుంచే వస్తాయి. వీటిని తెచ్చేది ఎక్కువగా స్త్రీలే.

నిర్వహణ అంటే ఏమిటి?

ఇప్పుడు కథ పక్కనపెట్టి, పని ఎలా నడుస్తుందో చూద్దాం. దొంగలను ఆపడం సగం పనే. మిగతా సగం ఇంకా కష్టం: తమను తాము ఆపుకోవడం. ఊరి పొయ్యిలన్నీ అడవి మీదే ఆధారపడినప్పుడు, పచ్చి చెట్టు కొట్టవద్దనే నియమం ముందుగా తగిలేది పొరుగింటి ఆమెకే. అందుకని ముటూర్‌ఖామ్‌లో రాలిన కొమ్మలు, ఎండుపుల్లలు మాత్రమే ఏరుకోవాలనే కట్టుబాటు పెట్టుకున్నారు. పూర్తిగా వద్దు అని ఉంటే అది నెల తిరక్కుండానే తెగిపోయేది.

గస్తీకి వంతులు ఎలా వేయాలి? దీనికి పొరుగునే ఉన్న ఒడిశా పల్లెల్లో ఒక చక్కని పద్ధతి ఉంది. దాన్ని ఠెంగాపల్లి అంటారు. ఠెంగా అంటే కర్ర, పల్లి అంటే వంతు. ఇవాళ కాపలా ముగించినవారు సాయంత్రం ఆ కర్రను పక్కింటి గుమ్మానికి ఆనించి వెళతారు. పొద్దున తలుపు తీసి కర్ర చూసినవారిది ఆ రోజు వంతు. రిజిస్టరు లేదు, సంతకం లేదు. ఎగ్గొడితే కర్ర ఎక్కడ ఆగిందో ఊరంతటికీ కనిపిస్తుంది.

ఇంకో మాట. ముటూర్‌ఖామ్‌లో ఆడపిల్ల పుడితే 18 మొక్కలు, ఆడపిల్ల పెళ్లికి 10 మొక్కలు నాటుతారు. రాఖీ పండుగనాడు చెట్లకు రాఖీలు కడతారు. పట్టణంవారికి ఇది అందమైన వేడుకలా కనిపిస్తుంది. నిర్వహణ దృష్టితో చూస్తే దీనికో ప్రయోజనం ఉంది: ఏడాదికోసారి ఊరంతా ఒకేరోజు అడవిలోకి వెళ్లి ఏ చెట్టు ఉందో, ఏది లేదో కళ్లారా చూస్తుంది. పైగా సంతాలీలకు సాల వృక్షం పరాయిది కాదు. వారి జాహేర్ అనే పవిత్రవనంలో ఉండేది సాల చెట్లే. బాహా పండుగ జరిగేదాకా కొత్త సాలపూలు తలలో పెట్టుకోరు. కొత్త పని పాత నమ్మకం మీద నిలబడింది.

వాటా ఎంత?

ఈ ప్రాంతంలో ఇలాంటి ప్రయత్నం ఇదే మొదటిది కాదు. తూర్పుగా ఇంకాస్త ముందుకు పోతే పశ్చిమ బెంగాల్‌లోని మేదినీపూర్ అడవులు వస్తాయి. అక్కడి అరాబారీలో 1972లో అజిత్ కుమార్ బెనర్జీ అనే అటవీ అధికారి ఒక ప్రయోగం చేశారు. 11 గ్రామాలు, 618 కుటుంబాలు, 1,272 హెక్టార్ల పాడైన సాలవనం. మీరు కాపలా కాయండి, చెట్లు పెరిగి అమ్మిననాడు 25 శాతం మీకు ఇస్తాం అన్నారు. అప్పటికి ఆ మాటకు చట్టబలం లేదు, అధికారి నోటిమాటే. అయినా జనం నమ్మారు. మోళ్లు చిగిర్చాయి. 1987లో ప్రభుత్వం ఆ వాటాను అంగీకరించింది. 1989లో ఆ పద్ధతిని నైరుతి బెంగాల్ అంతటికీ విస్తరించింది. 1990 జూన్ 1న కేంద్రం రాష్ట్రాలన్నింటికీ ఉమ్మడి అటవీ యాజమాన్యంపై మార్గదర్శకాలు పంపింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఏర్పడ్డ వన సంరక్షణ సమితులకు మూలం అదే.

ఈ ఉమ్మడి యాజమాన్యంలో 'ఉమ్మడి' ఎంత అనేది వేరే ప్రశ్న. చాలాచోట్ల కాపలా ఊరిది, నిర్ణయం శాఖది అయింది. సమితి కార్యదర్శి అటవీ ఉద్యోగే కావడం, డబ్బు ఆయన సంతకంతోనే కదలడం వల్ల కొన్ని సమితులు పథకం నిధులున్నంతకాలమే బతికాయి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను మార్చింది. తాము సంప్రదాయంగా కాపాడుకుంటున్న సామూహిక అటవీ వనరును రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కు గ్రామానికే ఉందని చెప్పింది. హక్కు పత్రం చేతికి రావడానికి మాత్రం దరఖాస్తు, పటం, సర్వే, సబ్‌డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ దాటాలి. అడవిలో గస్తీకి ఉన్నంత ఓపిక ఇక్కడా కావాలి.

అడవి తిరిగొస్తే ఏనుగూ వస్తుంది

ఇక ఎవరూ ముందుగా ఊహించని సంగతి ఒకటి. జంషెడ్‌పూర్ పక్కనున్న దల్మా అభయారణ్యం విస్తీర్ణం సుమారు 193 చదరపు కిలోమీటర్లు. ఏనుగులకు అది పేరుపొందింది. 1980 దశకం చివరినుంచి దల్మా ఏనుగులు ఏటా గుంపులుగా బెంగాల్ వైపు నడవడం మొదలైంది. కారణాలు చాలా చెబుతారు: దల్మాలో తగ్గిన మేత, గనులు, రోడ్లు. వాటిలో ఒకటి, అటువైపు ప్రజలు కాపాడిన సాలవనాలు మళ్లీ దట్టంగా పెరగడం. పగలు దాక్కోవడానికి అడవి, రాత్రి తినడానికి పండిన వరిచేను. చాకులియా, ఘాట్‌శిల ప్రాంతాలు ఆ దారిలోనే ఉన్నాయి.

అంటే కొన్నిచోట్ల అడవిని నిలబెట్టిన ఊరివారే పంట పోగొట్టుకుంటున్నారు. ఒక్కోసారి ప్రాణాలూ పోతున్నాయి. నష్టం ఏనుగు వైపూ ఉంది. 2023 నవంబరులో ఇదే జిల్లా ముసాబని దగ్గర అడవిలో 33 కె.వి. విద్యుత్ తీగ తగిలి ఒకేచోట ఐదు ఏనుగులు చనిపోయాయి.

వన సమితి స్త్రీల దగ్గర కర్ర ఉంది, వంతు ఉంది, కట్టుబాటు ఉంది. వేలాడే తీగను పైకి లాగడం వాళ్ల చేతిలో లేదు. అది విద్యుత్ సంస్థ పని. పంట నష్టానికి పరిహారం సకాలంలో ఇవ్వడం అటవీశాఖ పని. గుంపు ఏ దారిన పోతోందో రాత్రికి రాత్రి పది ఊళ్లకు తెలపడం అందరి పని. అరాబారీ నాటి ఒప్పందంలో పక్షాలు రెండే, ఊరు, శాఖ. ఇప్పుడు తూర్పు సింగ్‌భూమ్‌లో ఆ సమావేశానికి విద్యుత్ ఇంజినీరును, రైల్వే అధికారిని, రోడ్లవాళ్లను, గనులవాళ్లను కూడా పిలవవలసి ఉంది. పిలిచినా వారిని చెట్టు కింద చాప మీద కూర్చోబెట్టడం, దొంగల గొడ్డలిని ఆపినదాని కంటే కష్టమేనని నా అనుమానం.