అన్నానికి సెలవు, నెయ్యికి కొలువు!

కీటో డైట్ జిమ్ములో పుట్టిందనుకుంటున్నారా? ఆస్పత్రిలో పుట్టిందండీ! 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు రసెల్ వైల్డర్ దీనికి పేరు పెట్టాడు. అదీ బొజ్జలు కరిగించడానికి కాదు, మూర్ఛ రోగుల కోసం. 2021తో దానికి నూరేళ్లు నిండాయి, అయినా దుక్కలా ఉంది. పుట్టినరోజుకి కేకు మాత్రం అడక్కండి!

మీకు తెలుసా? మూర్ఛకి వాడే అసలు సిసలు కీటోలో దాదాపు 90 శాతం కేలరీలు కొవ్వు నుంచే రావాలి. నాలుగు గ్రాముల కొవ్వు తింటే, పిండిపదార్థం, ప్రొటీన్ రెండూ కలిపి ఒక్క గ్రాము. దీని ముందు మన ముద్దపప్పూ నెయ్యీ పథ్యం కూడే!

1938లో మూర్ఛకి ఫెనిటాయిన్ మాత్ర వచ్చింది, జనం డైట్‌ని మర్చిపోయారు. మళ్లీ దాన్ని నిలబెట్టిందెవరో చెప్పుకోండి చూద్దాం. 'ఎయిర్‌ప్లేన్' కామెడీ తీసిన హాలీవుడ్ దర్శకుల్లో ఒకరు, జిమ్ అబ్రహామ్స్! ఆయన పసికొడుక్కి మందులతోనూ, మెదడు ఆపరేషన్‌తోనూ తగ్గని ఫిట్స్ 1993లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో ఈ తిండితో ఆగాయి. దాని గురించి ఆయన ఎక్కడ తెలుసుకున్నాడంటారా? లైబ్రరీలో! ఊరుకోకుండా 1997లో మెరిల్ స్ట్రీప్‌ని పెట్టి ఏకంగా సినిమా తీశాడు. డైట్‌కి ఇంతకంటే పెద్ద హీరోయిన్ దొరకదు!

పిండిపదార్థాలు తగ్గించాలన్న ఆలోచన ఇంకా పాతది. 1862లో లండన్‌లో విలియం బాంటింగ్ 202 పౌన్లు తూగేవాడు. చెవి సరిగా వినబడటంలేదని వెళితే డాక్టరు రొట్టె, చక్కెర, బంగాళాదుంప, బీరు మానమన్నాడు. ఏడాదిలో 46 పౌన్లు మాయం! పట్టరాని ఆనందంతో సొంత డబ్బులతో పుస్తకం అచ్చేసి పంచాడు. ఇంతకీ ఆయన వృత్తి? రాజకుటుంబానికి అంత్యక్రియలు జరిపించడం! తన వంతు మాత్రం 81 ఏళ్ల వయసుదాకా వాయిదా వేసుకున్నాడు.

మీకు తెలుసా? 1928లో ధ్రువ యాత్రికుడు విల్‌యల్‌మర్ స్టెఫాన్సన్, మరో యాత్రికుడితో కలిసి ఏడాదిపాటు మాంసం తప్ప ఇంకేమీ ముట్టనని పందెం కట్టినట్టు కూర్చున్నాడు. న్యూయార్క్ డాక్టర్లు కాపలా కాశారు. కొవ్వు తీసేసిన మాంసం పెడితే రెండు మూడు రోజుల్లోనే జబ్బుపడ్డాడు. కొవ్వు కలిపి పెడితే లేచి కూర్చున్నాడు!

ఇది వినండి, నోరు తెరుచుకుంటారు. తరతరాలుగా సీల్, తిమింగలం కొవ్వు తిన్న, ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనంలో చాలామందికి కీటోన్ల (ఒంట్లో కొవ్వు కరిగితే పుట్టే ఇంధనం) తయారీని తగ్గించే జన్యు మార్పు ఉంది. మీ జిమ్ మాస్టారుకి ఈ ముక్క చెప్పకండి, పాపం!

తినకుండా కూడా కీటోసిస్‌లోకి, అంటే కీటోన్లతో బండి నడిచే స్థితిలోకి, పోవచ్చు, ఒంట్లో కొవ్వే వంటగది అయిపోతుంది. మీకు తెలుసా? స్కాట్లాండ్‌లో ఆంగస్ బార్బియేరి 1965-66లో డాక్టర్ల పర్యవేక్షణలో 382 రోజులు అన్నపానీయాల్లో పానీయాలతోనే గడిపాడు. 207 కిలోల మనిషి 82కి వచ్చాడు. దొడ్డికి వెళ్లడం 37 నుంచి 48 రోజులకోసారి! (ఇంట్లో ప్రయత్నించారో, మీ ఇష్టం కాదు, మీ కర్మ.)

మెదడు రోజుకి 100 గ్రాములకు పైగా గ్లూకోజ్ లాగేస్తుంది. మీకు తెలుసా? చక్కెర దొరకనప్పుడు, కొన్ని వారాల ఉపవాసం తర్వాత, అది తన ఖర్చులో మూడింట రెండొంతుల దాకా కీటోన్లతోనే వెళ్లదీస్తుంది. కీటోన్లలో ఒకటి అసిటోన్. గోళ్లరంగు తుడిచే సీసాలో ఉండేది అదే! కొందరి ఊపిరికి ఆ వాసన అందుకే.

ఇక మన వీధిలోకి వద్దాం. కీటోలో రోజంతటికీ పిండిపదార్థం సుమారు 20 నుంచి 50 గ్రాములే. ఒక కప్పు అన్నంలో ఎంతో తెలుసా? దాదాపు 45! తొలి ముద్దకి ఇంకా గోంగూర కలవనే లేదు, కోటా అయిపోయింది. ఆవకాయలో నూనెకి కీటో సరేనంటుంది, కలుపుకోవడానికి అన్నం వద్దంటుంది. ఇంతకంటే పెద్ద శిక్ష యముడి దగ్గర కూడా ఉండదు!

అయినా తెలుగువాళ్లు వెనక్కి తగ్గారా? వైద్యుడు కాని వీరమాచనేని రామకృష్ణ చెప్పిన డైట్ ఊరూరా పాకింది. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. తలకి రాసుకునే కొబ్బరి నూనె మన ఇళ్లలో అద్దం దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి బదిలీ అయింది!

మరి నిపుణులేమన్నారు? 2018లో యూఎస్ న్యూస్ పత్రిక పిలిచిన నిపుణులు 40 డైట్లకు ర్యాంకులిస్తే కీటోకి, డ్యూకాన్ డైట్‌తో కలిపి, అట్టడుగు స్థానం. జనం మాత్రం ర్యాంకు చూసి ఆగే రకమా!

ఆఖరిగా ఒకటి. మొదటి వారం తూకం గబుక్కున తగ్గితే అందులో ఎక్కువ వాటా నీళ్లదే. ఒంట్లో దాచుకున్న ప్రతి గ్రాము గ్లైకోజన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. కాబట్టి అప్పుడే స్వీట్లు పంచకండి. షుగర్‌కో బీపీకో మాత్రలు మింగుతున్నారా? అయితే అన్నం గిన్నె పక్కన పెట్టే ముందు డాక్టరుకి ఫోన్ చేయండి, డోసు మార్చాల్సి రావచ్చు.