కదిలే ఇసుక, కదలని గోడ

సముద్రపుటొడ్డున పరుచుకొన్న ఇసుక స్థిరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి అది ప్రవాహం. అలలు తీరాన్ని తిన్నగా కాక కొంత ఏటవాలుగా తాకుతాయి. ఎగసిన నీరు ఇసుక రేణువును వాలుగా పైకి నెడుతుంది. వెనక్కి జారే నీరు దానిని నిట్టనిలువుగా కిందికి లాగుతుంది. ప్రతి అలకూ రేణువు ఇలా కాస్త పక్కకు జరుగుతుంది. భారతదేశపు తూర్పు తీరంలో ఈ నడక సుమారు మార్చి నుండి అక్టోబరు వరకు ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవనాల నెలల్లో దక్షిణానికి సాగుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క తేల్చితే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అది లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది.

ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి గోడ కడితే ఈ ప్రవాహం ఆగుతుంది. గోడకు దక్షిణాన ఇసుక మేట వేస్తుంది. ఉత్తరాన అలల బలం తగ్గదు కాని రావలసిన ఇసుక రాదు. అందువల్ల అవి ఉన్న ఒడ్డునే కోసుకుపోతాయి. మద్రాసు రేవు నిర్మాణం 1870లలో మొదలైన తర్వాత జరిగినది ఇదే. నగరం గర్వంగా చెప్పుకొనే మెరీనా ఇసుక మైదానం రేవు గోడకు దక్షిణాన పేరుకున్న మేట. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు ప్రాంతాలు కోతకు గురై, చివరకు బండరాళ్ళ కట్టలతో తీరాన్ని కాపాడుకోవలసి వచ్చింది. ఒకరి మేట మరొకరి కోత.

ఇది ఒక్క బంగాళాఖాతపు కథ కాదు. కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో 1920ల చివర, విహార నౌకలకు ఆశ్రయం కోరిన ఒక ధనికుని విరాళం తోడ్పాటుతో, అడ్డుకట్ట కట్టారు. కొద్ది ఏళ్ళలోనే ఇసుక రేవు ముఖద్వారం వైపు చేరింది. తూర్పున ఉన్న తీరాలు సన్నబడ్డాయి. ఆ ఇసుకను తవ్వి అవతలి తీరానికి చేర్చే పని నేటికీ కొనసాగుతూనే ఉంది.

1933లో ప్రారంభమైన విశాఖపట్నం రేవు నిర్మాతలకు ఈ ప్రమాదం తెలుసు. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి, వాటి చాటున ఇసుక పోగుపడేటట్టు చేశారు. అలా చేరిన ఇసుకను తవ్వి ఉత్తరపు తీరానికి అందించడమన్నది అక్కడ ముఖ్యమైన ఉపాయం. 1952లో శాన్ డియేగోకు చెందిన సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యునిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఆయన, ఆయన సహచరులు వాల్తేరు తీరపు కోత, మేటల చక్రాన్ని పరిశీలించి 1954లో ప్రకటించారు. ఒడ్డు ఋతువుతో పాటు పెరిగి తరుగుతుందని, ఒక్కరోజు కొలత దాని స్వభావాన్ని చెప్పలేదని అటువంటి పరిశీలనలే నేర్పాయి.

ఆ పాఠం అవసరం నేడు మరింత పెరిగింది. అలివి వలను ఒడ్డుకు లాగడానికి, తెప్పలను నిలపడానికి, చేపలు ఎండబెట్టడానికి జాలరికి ఇసుక నేల కావాలి. గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేలుకూ అదే కావాలి. ఊరిని కాపాడడానికని బండరాళ్ళు పేర్చితే ఇళ్ళు కొంతకాలం నిలవవచ్చు, కాని ఇసుక తీరం మిగలదు. పైగా కోత ఆ కట్ట చివర నుండి పక్క ఊరికి జరుగుతుంది. మరోవైపు, నదులపై ఆనకట్టలు సముద్రానికి చేరవలసిన ఇసుకను ముందే ఆపుతున్నాయి.

భారత ప్రభుత్వపు 2011 నాటి తీర నియంత్రణ ప్రకటన, కోతకు గురవుతున్న తీరాల్లో తలపెట్టే ప్రాజెక్టులకు సమగ్ర పర్యావరణ అధ్యయనాన్ని కోరింది. ఆ కోరికలోని తర్కం స్పష్టమే. ఇసుక ఏడాదిలో రెండు దిక్కులకూ నడిచే చోట ఒక్క ఋతువు కొలతలతో నిర్ణయం చేయడం, ఒక్క పూట నాడి చూసి ఏడాది జబ్బుకు మందు రాయడమే అవుతుంది. అన్ని ఋతువులూ కొలవాలి. గోడ కట్టే చోటే కాక, ఇసుక వెళ్ళే దిక్కున ఉన్న ఊళ్ళలోనూ కొలవాలి. ఆగిన ఇసుకను ఏటేటా దాటించే ఖర్చును రేవు కట్టుబడి లెక్కలోనే చేర్చాలి. లేకుంటే ఆ ఖర్చును, ఏ ఒప్పందం మీదా సంతకం చేయని ఉత్తరపు ఊరి జాలరి తన ఇంటితో చెల్లిస్తాడు.