కొండ సైకిలు పందెం – వేడితో కుస్తీ

సైకిల్ షాపులో వెనక చక్రం ఇరుసు విప్పి, నల్లబడిన పాత గ్రీజు తుడిచేసి, బాల్స్ చుట్టూ కొత్త గ్రీజు కూరడం మీరు చూసే ఉంటారు. మనం ఏడాదికోసారి చేయించే ఈ పనిని ప్రతి పందెం తర్వాతా చేయవలసి వస్తే ఎలా ఉంటుంది? అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి దగ్గరి కుర్రవాళ్ళకు సరిగ్గా అదే అవస్థ ఎదురైంది. 1976 అక్టోబరు 21న వారు ఒక కొండ మీది మట్టిబాటపై పందెం పెట్టుకున్నారు. బాట పొడవు సుమారు 3.4 కిలోమీటర్లు. అంత దూరంలో 400 మీటర్ల ఎత్తు నుంచి దిగాలి. సైకిళ్ళేమో లావు టైర్ల పాతకాలపువి. పెడలును వెనక్కి తొక్కితే వెనక హబ్‌లో బ్రేకు పడుతుంది, అంతే. కొండ కిందికి చేరేసరికి హబ్‌లోని గ్రీజు కాగి పొగై పోయేది. మళ్ళీ గ్రీజు కూరితేగానీ చక్రం పనికిరాదు. అలా ‘మళ్ళీ కూరడం’ అనే అర్థంలో ఆ పందేనికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడిపోయింది. దాన్ని నడిపించిన చార్లీ కెల్లీ, అందులో పాల్గొన్న గేరీ ఫిషర్, జో బ్రీజ్ తరవాత ఏకంగా కొత్తరకం సైకిలుకే ఆద్యులయ్యారు. అదే మౌంటెన్ బైక్.

ఈ క్రీడకు 1990లో అమెరికాలోని డురాంగోలో అధికారికంగా మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 1996లో ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. అయినా ఈ ఆటకు ప్రాణం ఇప్పటికీ ఔత్సాహిక జట్లే. అమెరికాలో, యూరప్‌లో వేసవి అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా. ఆ మూడు నెలలూ శని, ఆదివారాల్లో విద్యార్థులు, టీచర్లు, గుమాస్తాలు నలుగురైదుగురు కలిసి ఒక వ్యాన్‌లో సైకిళ్ళు వేసుకుని బయలుదేరుతారు. కొండల్లో కొన్ని కిలోమీటర్ల చుట్టుబాట ఉంటుంది. దాన్ని చెప్పినన్ని చుట్లు తిరగాలి. ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. గెలవడానికి కాళ్ళలో బలం కావాలన్నది నిజమే. కానీ వేసవి పందాల్లో ఆ బలంతోపాటు ఇంకొకటి కూడా తేలాలి: పుట్టిన వేడిని ఎవరు ఎంత బాగా వదిలించుకోగలరు?

కాస్త లెక్క వేసి చూద్దాం. మనిషి బరువు 60 కిలోలు, సైకిలు, నీళ్ళ సీసా, హెల్మెట్ కలిపి మరో 15 కిలోలు అనుకుందాం. ఈ 75 కిలోలను 400 మీటర్ల పైకి చేర్చాలి. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోనూ ఎత్తుతోనూ గుణిస్తే 2,94,000 జౌళ్ళు వస్తాయి. కొండ పైన ఉన్నప్పుడు ఇది స్థితిశక్తి. కిందికి వచ్చి ఆగేసరికి ఇదంతా వేడిగా మారిపోవాలి. కొంత గాలి తట్టుకుని పోతుంది, కొంత టైర్లకూ నేలకూ పోతుంది, చాలా భాగం బ్రేకుల పాలు. 2,94,000 జౌళ్ళంటే ఎంత? 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీటిని మరిగే దాకా కాచడానికి సరిపోయినంత! పిడికెడంత హబ్‌లో గ్రీజు పొగైందంటే ఆశ్చర్యమేముంది?

ఇప్పటి సైకిళ్ళకు చక్రం పక్కన పలుచని ఉక్కు పళ్ళెం ఉంటుంది, దాన్ని రెండు బ్రేకు దిమ్మలు నొక్కుతాయి. పళ్ళెం గాలిలో తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. అయినా వాలు పొడుగునా బ్రేకు కొద్దికొద్దిగా పట్టి ఉంచితే పళ్ళేనికి చల్లారే తీరిక దొరకదు. గొట్టంలోని బ్రేకు ద్రవం మరగవచ్చు కూడా. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు మీట హ్యాండిల్‌ను తాకేదాకా లాగినా బ్రేకు పడదు. అందుకే అనుభవజ్ఞులు మలుపుకు ముందు గట్టిగా పట్టి, వెంటనే వదిలేస్తారు.

దిగేటప్పటి వేడిని లోహం మోస్తుంది. ఎక్కేటప్పటి వేడిని మోయవలసింది మన ఒళ్ళే. అసలు చిక్కు ఇక్కడుంది. మన కండరాలు తిన్న ఆహారంలోని శక్తిలో సుమారు నాలుగోవంతునే పనిగా మార్చగలవు. మిగిలిన మూడువంతులూ వేడే. అంటే 2,94,000 జౌళ్ళ పని చేస్తే దాదాపు 9 లక్షల జౌళ్ళ వేడి పుడుతుంది. అరగంటలో ఆ కొండ ఎక్కారనుకోండి, ఒంట్లో వంద వాట్ల బల్బులు ఐదు వెలుగుతున్నట్టే. ఈ వేడి ఏమాత్రం బయటికి పోకపోతే? 60 కిలోల శరీరం ఒక డిగ్రీ వేడెక్కడానికి 2,10,000 జౌళ్ళు చాలు. 37 డిగ్రీల దగ్గర మొదలైన వాడు కొండ పైకి చేరేసరికి 41 దాటుతాడు. అది ప్రాణం మీదికి వచ్చే వేడి.

కాపాడేది చెమట. లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ళను పట్టుకుపోతుంది. ఆ లెక్కన మన కొండకు అరలీటరు కూడా అక్కరలేదు. కానీ కారిపోయిన చెమట లెక్కలోకి రాదు. ఒంటి మీద ఆవిరైనదే చల్లబరుస్తుంది. ఆవిరి కావడానికి గాలి వీచాలి. కొండ సైకిలు పందెంలోని విచిత్రం చూడండి: దిగేటప్పుడు చెవుల్లో హోరుమనే గాలి, ఒంటికి శ్రమ తక్కువ. ఎక్కేటప్పుడు శ్రమంతా ఉంటుంది, గాలి మాత్రం ఉండదు. ముందు 32 పళ్ళు, వెనక 50 పళ్ళు ఉన్న చక్రాల మీద గొలుసు వేస్తే పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిలు ఒకటిన్నర మీటర్లే కదులుతుంది. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగం. నడక కంటే కాస్త ఎక్కువ. ఆ వేగానికి వచ్చే గాలి విసనకర్ర పాటి కూడా చేయదు.

గాలిలో తేమ ఉంటే ఇంకా కష్టం. అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ పందాన్ని జూలై నెలాఖరున, ఉక్కపోసే జార్జియా రాష్ట్రంలో పెట్టారు. పురుషుల్లో నెదర్లాండ్స్ వాడైన బార్ట్ బ్రెంట్‌జెన్స్, స్త్రీలలో ఇటలీకి చెందిన పవోలా పెజ్జో గెలిచారు. తేమ సంగతి మనవాళ్ళకు వేరే చెప్పాలా? రామగుండంలో 44 డిగ్రీలకు చొక్కా ఆరిపోతుంది, మచిలీపట్నంలో 38 డిగ్రీలకే ఒంటికి అంటుకుంటుంది. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. సైకిలు తొక్కే కుర్రవాడైనా, పొలంలో కూలిమనిషైనా ఒంటి లెక్క ఒకటే.

వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని చాలామంది నమ్మకం. శ్రమ వల్ల తగిలే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండవచ్చు. చూడవలసింది మాటతీరు, నడకతీరు. పందెగాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తిన్నని బాటలో తూలుతున్నా, ఎన్నో చుట్టో మరిచిపోయినా జట్టువాళ్ళు వెంటనే ఆపాలి. ఒళ్ళు 40 డిగ్రీలు దాటితే ప్రతి నిమిషమూ విలువైనదే. ముందు మెడ దాకా చల్లని నీటి తొట్టిలో కూర్చోబెట్టడం, ఆ తరవాతే ఆసుపత్రికి తరలించడం వైద్యులు చెప్పే క్రమం. తొట్టి లేకపోతే ఒళ్ళంతా చన్నీళ్ళు గుమ్మరిస్తూ విసరాలి.

జాగ్రత్తపరులైన జట్ల సామానులో బరువు తూచే యంత్రం ఒకటి కనిపిస్తుంది. పందేనికి ముందు, తరవాత తూచుకుంటారు. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయిందన్నమాట. ఎండలో గంటకు లీటరు, లీటరున్నర చెమట పోవడం మామూలే. అలాగని కడుపు పట్టినంత నీళ్ళు తాగేయడమూ మంచిది కాదు. పోయినదానికంటే ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. పందెం తరవాత బరువు తగ్గకపోగా పెరిగిందంటే అది హెచ్చరికే.

ఎండకు ఒంటిని అలవాటు చేయవచ్చు. రోజూ గంటా గంటన్నర వేడిలో తొక్కితే వారం పది రోజుల్లో రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువ పోస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అదే కొండ ఎక్కడానికి గుండె అంత వేగంగా కొట్టుకోనక్కరలేదు. అందువల్ల తెలివైన జట్టు జూన్ మొదటివారం పందేనికి పరుగెత్తదు, రెండు వారాలు మెల్లగా సాధన చేస్తుంది. ఆగస్టు పందాల్లో ఆ తేడా కనిపిస్తుంది. ఎండకు నెల రోజులు దూరంగా ఉంటే మాత్రం సంపాదించినదంతా చాలావరకు కరిగిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ మొదటి మెట్టు నుంచే.