నాలుగు రిమోటులకు బదు లొకటి

కన్నుల కగపడని వెలుతు రొకటి కలదని మా పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్ర పాఠమునందు నేర్చియున్నారు. 1800 సంవత్సరమున విలియము హెర్షెలు అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకము గుండ పోనిచ్చి, ఎఱుపురంగున కావల, ఏ రంగును కానరాని చోట ఉష్ణమాపకము నుంచగా, అచ్చటను వేడిమి కనబడెను. దానినే పరారుణకాంతి యందురు. ఆ కాంతియే నేడు మన యిండ్లలో టెలివిజను రిమోటునుండి పెట్టెకు వార్త గొనిపోవుచున్నది.

ఒకప్పుడు ఇంటి కొక పెట్టె, పెట్టె కొక రిమోటు. ఇప్పుడు గోడకు టెలివిజను, దాని క్రింద సెట్ టాప్ బాక్సు, ప్రక్కను డిస్కు ప్లేయరు, అయిదారు స్పీకర్లకు ధ్వనిని పంచిపెట్టు రిసీవరు. వీనికన్నిటికి కలిపి హోము థియేటరు అని పేరు. నాలుగు యంత్రములకు నాలుగు రిమోటులు. ఆదివారమున గుడికి రాలేని వృద్ధురాలు ఆరాధనను తెఱమీద చూడగోరినచో, ఒకదానితో టెలివిజనును వెలిగించి, రెండవదానితో బాక్సును మేలుకొలిపి, మూడవదానితో రిసీవరును తగిన ద్వారమునకు త్రిప్పి, మఱల అదే రిసీవరు రిమోటుతో ధ్వని పెంచుకొనవలెను. ఈ వరుస నెఱిగినవాడు ఇంటిలో తఱచుగ ఒక్కడే యుండును. వాడు చదువునకో యుద్యోగమునకో దూరదేశము పోయినచో, వేలకొలది రూపాయల యంత్రములు దుమ్ము పట్టుచుండగా అమ్మమ్మ గోడవైపు చూచుచు కూర్చుండును. ఇట్టి యిండ్లను మేమెన్నిటినో చూచితిమి. కావున సెలవులకు ఇండ్లకు పోవు మా విద్యార్థులు ఒక పూట వెచ్చించి చేయదగిన పని యిది యని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నాలుగింటి పనిని ఒక్కటియే చేయుదానిని యూనివర్సల్ రిమోటు అందురు. రిమోటుల కథ వినోదకరమైనది. 1950లో అమెరికాలోని జెనిత్ కంపెనీ చేసిన రిమోటునకు పెట్టెవఱకు పొడవైన తీగ యుండెను. 1956లో అదే కంపెనీలోని రాబర్టు ఆడ్లరు, అల్యూమినియపు కడ్డీలను చిన్న సుత్తెలు కొట్టి మనుష్యుల చెవికి వినరాని ధ్వని పుట్టించునట్టి రిమోటును కల్పించెను. దానికి బ్యాటరీయే అక్కఱలేదు. పరారుణకాంతి వాడుక తరువాత వచ్చినది. ఆపిల్ కంపెనీ స్థాపకులలో నొకడైన స్టీవు వోజ్నియాకు 1987లో, ఇతర రిమోటుల సంజ్ఞలను నేర్చుకొనగల యొక రిమోటును విక్రయమునకు తెచ్చెను.

మీట నొక్కినపుడు ఏమి జరుగునో తెలిసినగాని తక్కిన పని తెలియదు. రిమోటు కొననున్న చిన్న దీపము వెలుగుచు ఆరుచు మాటలాడును. మన దేశమున 2013లో నిలిచిపోయిన తంతివార్త చుక్కలతోను గీతలతోను పోయినట్లే, ఇదియు దీర్ఘ హ్రస్వములతో పోవును. ఎన్.ఇ.సి. అను జపాను కంపెనీ యేర్పఱచిన పద్ధతిని చూడుడు. దీపము సెకండునకు 38,000 మార్లు అదరుచు, మొదట 9 మిల్లీసెకండ్లు వెలుగును, పిమ్మట 4.5 మిల్లీసెకండ్లు ఊరకుండును. ఇది “వినుడు” అని పిలుచుట వంటిది. ఆ వెనుక 32 అక్షరములు వచ్చును. అందు మొదటి యెనిమిది యంత్రము యొక్క చిరునామా. తరువాతి యెనిమిది అదే చిరునామాను తలక్రిందుగ చెప్పుట. మూడవ యెనిమిది ఆజ్ఞ. కడపటి యెనిమిది ఆ యాజ్ఞను తలక్రిందుగ చెప్పుట. రెండు ప్రతులును పోల్చి చూచి, సరిపడినగాని యంత్రము కదలదు. ఇంత వార్తయు ముగియుటకు సెకండులో పదునాల్గవ వంతైన పట్టదు. సోనీ వారి పద్ధతి వేఱు, ఫిలిప్సు వారిది వేఱు. అందుచేతనే గదిలోని యంత్రములన్నియు ఆ వెలుతురును చూచుచున్నను, తన భాషలో తన చిరునామాకు వచ్చిన వార్తకే ప్రతియంత్రమును లోబడును. యూనివర్సల్ రిమోటు వీరందఱి భాషలను చిరునామాలను పొట్టలో దాచుకొన్నది. మనము చేయవలసినదెల్ల, మన యింటనున్న వేవో దానికి తెలుపుటయే.

దీనికి మార్గములు మూడు. రిమోటుతో వచ్చు చిన్న పుస్తకమున కంపెనీల పేర్ల కెదురుగ నాలుగేసి లేక అయిదేసి యంకెల కోడు సంఖ్య లుండును. ఆయా రకమునుబట్టి వివరములు మాఱును గాని, సాధారణ క్రమ మిట్లుండును: టెలివిజనును వెలిగించి, సెటప్ మీటను ఎఱ్ఱదీపము రెండుమార్లు మినుకుమను వఱకు నొక్కిపట్టి, టీవీ మీటను ఒకమాఱు నొక్కి, సంఖ్య నీయవలెను. దీపము మఱల రెండుమార్లు మినుకుమన్నచో సంఖ్య స్వీకరింపబడినది. ఇచ్చట పలువురు తొందరపడుదురు. ఒకే కంపెనీకి పది సంఖ్య లుండుట వ్యర్థముగ కాదు. వేర్వేఱు సంవత్సరముల పెట్టెలకు వేర్వేఱు సంఖ్యలు. పెట్టె యారి వెలిగినంత మాత్రమున తృప్తిపడక, ధ్వని, ఛానలు, మెను, ఇన్‌పుట్ మీటలన్నియు నొక్కి చూచి, ఒక్కటి పనిచేయకున్నను తరువాతి సంఖ్యకు పోవలెను.

పుస్తకమున మన కంపెనీ పేరు లేనియెడల రిమోటుచేతనే వెదకింపవచ్చును. వన్ ఫర్ ఆల్ అను పేరుగల రిమోటులలో అనేకమునందు 9, 9, 1 అంకెలు ఈ వెదకుటకు ఏర్పడినవి. అది ఒక్కొక్క సంఖ్యను పలికి చూచును. పెట్టె యారిన తక్షణమే ఆగవలెను. ఓపిక కావలసిన పని. మూడవ మార్గము నేర్పుట: పాత రిమోటును క్రొత్తదానిని బల్లమీద ముఖాముఖిగ, రెండు మూడంగుళముల దూరమున నుంచి, పాతదాని మీటలను ఒక్కొక్కటిగ నొక్కి క్రొత్తదానిచేత వినిపింపవలెను. ఎండ పడు కిటికీ ప్రక్కను ఈ పని చేయరాదు. సూర్యుని పరారుణకాంతియు దానిలో కలిసి పాఠము చెడును. పాత రిమోటు అసలు పలుకుచున్నదా యని సందేహము కలిగినచో, ఫోను కెమెరాలో దాని కొనను చూచుచు మీట నొక్కుడు. లేత ఊదారంగు మినుకు కనబడును. కొన్ని ఫోనుల వెనుక కెమెరా దానిని ఆపివేయును గనుక ముందు కెమెరాతో చూచుట మేలు.

ఇంతవఱకు వచ్చి విడిచిపెట్టినవారే యెక్కువ. అసలు చిక్కు దీని తరువాతనే యున్నది.

రిమోటునకు నోరు కలదు గాని చెవి లేదు. గోడవైపు తిరిగి డిక్టేషను చెప్పుచు, పిల్లలు వ్రాసిరో లేదో చూడని యుపాధ్యాయుని వంటిది. పవరు మీట సాధారణముగ చెప్పునది “వెలుగుము” అనియు కాదు, “ఆరుము” అనియు కాదు. “ఉన్నదానికి మాఱుము” అని మాత్రమే. ఒక్క మీటతో మూడు యంత్రములు వెలుగునట్లు అమర్చితి మనుకొందము. నొక్కిన సమయమున ఎవరో అడ్డముగ నడచిరి. టెలివిజను వెలిగెను, రిసీవరు వెలుగలేదు. అమ్మమ్మ మఱల నొక్కెను. రిసీవరు వెలిగెను, టెలివిజను ఆరెను. ఎన్నిమార్లు నొక్కినను ఒకటి మేల్కొనగా మఱియొకటి నిద్రించును. తన చేతిలోనే యేదో దోష మున్నదని ఆమె రిమోటును బల్లమీద పెట్టివేయును. మఱల ముట్టదు.

దీనికి మందు కలదు. అనేక యంత్రములు, తమ సొంత రిమోటు మీద అట్టి మీట లేకున్నను, “వెలుగుము” “ఆరుము” అను రెండు విడి యాజ్ఞలను గ్రహింపగలవు. మంచి యూనివర్సల్ రిమోటుల జాబితాలో పవర్ ఆన్, పవర్ ఆఫ్ అని వేఱువేఱుగ నుండును. వరుసయాజ్ఞలను కూర్చునపుడు వీనినే వాడవలెను. వెలిగియున్న పెట్టెకు “వెలుగుము” అని పదిమార్లు చెప్పినను నష్టము లేదు. కావున అమ్మమ్మ సందేహమున్నపుడెల్ల అదే మీటను మఱల నొక్కవచ్చును. మా యభిప్రాయమున రిమోటు కొనుటకు ముందు విచారింపవలసిన గుణము లన్నిటిలో ఇది మొదటిది. వెలయు, అందమును తరువాత.

వరుసయందు మఱి రెండు జాగ్రత్తలు. మొదట అన్నిటిని వెలిగించి, తరువాతనే ఇన్‌పుట్ మార్చవలెను. నడుమ కొన్ని సెకండ్ల విరామ ముంచవలెను. టెలివిజను పూర్తిగ మేల్కొనకముందు చెప్పిన మాట గాలిలో పోవును. ధ్వని మీటలు ఏ సమయమున నొక్కినను రిసీవరునకే పోవునట్లు కట్టుదిట్టము చేయవలెను.

యంత్రములను కలుపు హెచ్‌డీఎంఐ కేబులులో సీఈసీ అను తీగమార్గము కలదు. సామ్‌సంగువారు ఎనీనెట్ ప్లస్ అనియు, ఎల్‌జీవారు సింప్లింక్ అనియు దీనిని పిలుతురు. దీనివలన టెలివిజను వెలుగగానే రిసీవరు తానై వెలుగును. మంచిదే గాని, మన వరుసయాజ్ఞయు అదే సమయమున రిసీవరునకు “మాఱుము” అని చెప్పినచో, వెలిగినది ఆరిపోవును. కావున రెంటిలో నొకదానికే ఆ పని యప్పగింపవలెను. కొన్ని క్రొత్త పెట్టెలు పరారుణకాంతిని అసలు చూడవు. బ్లూటూతు మాత్రమే వినును. వానికి సామాన్యపు యూనివర్సల్ రిమోటు పనికిరాదు. చెక్క తలుపుల బీరువాలో యంత్రము నుంచినచో కాంతి దూరదు. గాజు తలుపైన దూరును.

ఫోనులోనే రిమోటు ఉండగా వేఱొకటి యేల యని కొందఱు విద్యార్థు లడుగుదురు. ఫోను మీ జేబులో మీతో హాస్టలునకు వచ్చును; అమ్మమ్మ ఇంటనే యుండును. లాజిటెక్ కంపెనీవారి హార్మనీ రిమోటులు ప్రసిద్ధి చెందినవే యైనను, 2021లో ఆ కంపెనీ వాని తయారీ మానుకొనెను. చేతితోనే కోడు నీయదగినది చాలును.

పని ముగిసిన పిమ్మట ఏ యంత్రమునకు ఏ సంఖ్య యిచ్చితిరో చిన్న కాగితముపై వ్రాసి, బ్యాటరీ మూత లోపలివైపున అంటింపుడు. కొన్ని రిమోటులు బ్యాటరీ తీసినచో నేర్చినదంతయు మఱచును. వాడని మీటలపై కాగితపు ముక్క లంటించి, వాడు మీటకు ఎఱ్ఱని గుర్తు పెట్టుడు. ఆ పిమ్మట రిమోటును అమ్మమ్మ చేతి కిచ్చి, మీరు గది వెలుపలకు పోయి, ఏమియు చెప్పక, ధ్వని వినబడువఱకు వేచియుండుడు.