ఒక్క కాలే వాచిందా? మాలిష్ వద్దు!

పాతబస్తీలో ఉండేవారికి మాలిష్ కొత్త కాదు. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా టిబ్బీ ఆసుపత్రిలో యునాని వైద్యం అందుతుంది. ఆ వైద్యంలో మర్దనను ‘దల్క్’ అంటారు. హిజామా, హమామ్‌లాగే అదీ ఒక చికిత్సే. చికిత్స అన్నాక ఎవరికి చేయాలి, ఎవరికి చేయకూడదు అన్న లెక్క ఉంటుంది. ఇంట్లో నువ్వుల నూనె వెచ్చచేసి నాన్నగారి కాళ్లకు రుద్దేటప్పుడు మాత్రం ఆ లెక్క మీకు గుర్తుకు రాదు.

ముందుగా చూడాల్సింది పిక్క. కాలు విరిగి కట్టు కట్టినా, ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి మంచం మీదున్నా, క్యాన్సర్ ఉన్నా కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అప్పుడు సాధారణంగా ఒక్క కాలే వాస్తుంది. పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటుంది. బెణుకేమో అనుకుని గట్టిగా రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. ఢిల్లీలో 2016లో అదే జరిగింది. బ్యాడ్మింటన్ ఆడుతూ చీలమండకు దెబ్బ తగిలిన 23 ఏళ్ల యువకుడికి కట్టు విప్పాక కూడా నొప్పి, వాపు తగ్గలేదు. తల్లి నూనె పెట్టి కాలు మర్దన చేశారు. కాసేపటికే అతను కుప్పకూలి, ప్రాణాలు కోల్పోయాడు. గడ్డ ఊపిరితిత్తుల ధమనిలోకి చేరిందని పోస్టుమార్టంలో తేలింది. ఇలాంటి వాపు కనిపిస్తే ముందు డాక్టర్‌కు చూపించండి. డాప్లర్ స్కాన్‌లో గడ్డ ఉందో లేదో తెలుస్తుంది. మర్దన మాట ఆ తర్వాతే.

గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు వాడుతున్నారా? గట్టిగా నొక్కితే లోపల రక్తం చేరి ఒళ్లు కమిలిపోతుంది. హిజామాలో గాట్లు పెడతారు కాబట్టి రక్తం ఓ పట్టాన ఆగదు. మాత్రల సంగతి ముందే చెప్పండి. హిజామా కోసమని వాటిని సొంతంగా ఆపేయడం ఇంకా ప్రమాదం.

షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారినవారికి నూనె వేడి తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది. ఆ వేడి వేరొకరు చూడాలి. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతిని అసలు ముట్టుకోనివ్వద్దు. మర్దన చేస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం అక్కర్లేదు కానీ కణితి ఉన్నచోట, రేడియేషన్ ఇచ్చినచోట రుద్దకూడదు. ఎముకలకు పాకి ఉంటే గట్టి ఒత్తిడి అస్సలు పనికిరాదు. తేలిగ్గా రాయించుకోవాలన్నా చికిత్స చేస్తున్న డాక్టర్‌ను అడగండి.

ఇక సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడను టక్కున విరిచే అలవాటు ఎవరికీ మంచిది కాదు. మెడలోని రక్తనాళం చిట్లితే పక్షవాతం రావచ్చు. 2022లో మన హైదరాబాద్‌లోనే ఓ మహిళ పార్లర్‌లో మెడ వెనక్కి వంచి జుట్టు కడిగించుకుంటుండగా పక్షవాతం బారిన పడింది. ‘మెడ వద్దు భాయ్’ అని కుర్చీలో కూర్చోగానే చెప్పేయండి.

మర్దన తర్వాత ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబడటం, కళ్లు తిరగడం కనిపిస్తే పడుకుంటే తగ్గుతుందిలే అని ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.