బొమ్మ నడక వేగాన్ని మార్చడం

మీరు కంప్యూటర్‌లో ఒక తాత బొమ్మను నడిపించారనుకుందాం. రెండు అడుగులకు 24 ఫ్రేములు పట్టాయి. సినిమాలో వలె సెకనుకు 24 ఫ్రేముల చొప్పున చూపితే ఆ రెండు అడుగులూ ఒక్క సెకనులో పూర్తవుతాయి. తాతకు ఇంత చురుకుదనం నప్పదు కదా! వేగాన్ని సగానికి తగ్గించాలి. ఎలా?

సెకనుకు 12 ఫ్రేములే చూపితే చాలునని మీకు తోచవచ్చు. నడక నెమ్మదిస్తుంది, నిజమే. కాని కదలిక కుదుపులుగా కనబడుతుంది. పైగా పక్కన పరుగెత్తే కుక్క కూడా నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఆ మార్పు దృశ్యమంతటికీ వర్తిస్తుంది.

అందుచేత ఫ్రేముల రేటును ముట్టుకోకండి. తాతకు మీరు ఇచ్చిన ముఖ్య భంగిమల, అంటే కీఫ్రేముల, మధ్య ఎడాన్ని రెట్టింపు చేయండి. ఉచితంగా లభించే బ్లెండర్‌లో అయితే మొదటి ఫ్రేము వద్ద నిలిచి, డోప్ షీట్‌లో తాత కీఫ్రేములను ఎంచుకొని, ఎస్ మీట, తరువాత 2, ఆపైన ఎంటర్ నొక్కాలి. మధ్య భంగిమలను కంప్యూటరే పూరిస్తుంది. తాత ముందుకు సాగే కదలిక కీఫ్రేములనూ కలిపి ఎంచుకోండి. లేకుంటే పాదాలు నేలపై జారుతాయి.

ఒక జాగ్రత్త: పాత కంప్యూటర్‌లో నడక అసలు వేగం కంటే నెమ్మదిగా ఆడవచ్చు. దానిని చూసి కీఫ్రేములు మార్చకండి. ముందు చిన్న వీడియోగా తయారుచేసి చూడండి.